చీకటి పడేసరికి యాక్సెస్ పాయింట్ ఆరిపోతోంది, పగలంతా బాగానే ఉంటోంది

కాకినాడకాజా
అందరికీ నమస్కారం. మాది కాకినాడలో జీ ప్లస్ 3 బిల్డింగ్. కింద మేం ఉంటాం, పైన మూడంతస్తులూ కాలేజీ అమ్మాయిల హాస్టల్. ఫైబర్ బాక్స్ మా హాల్లో ఉంది. పైకి సిగ్నల్ అందట్లేదని గోల పెడితే రెండో అంతస్తు వరండాలో, సీలింగ్‌కి ఒక వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టించాను. దానికి విడిగా అడాప్టర్ లేదు. కెమెరాల కోసం వేసిన పీఓఈ స్విచ్‌లో చివరి పోర్టు ఖాళీగా ఉంటే అందులో గుచ్చారు. పీఓఈ అంటే అదే, కరెంటూ నెట్టూ ఒకే కేబుల్ మీద వెళ్తాయి.

పగలంతా ఏ ఇబ్బందీ లేదు. పొద్దుగూకితే చాలు, లైటు ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. తెల్లారాక మామూలే. పెట్టిన అబ్బాయిని అడిగితే "అందరూ రూములకి వచ్చి ఒకేసారి వాడుతున్నారు కదండీ, లోడ్ ఎక్కువైంది, ఇంకోటి కొనండి" అంటున్నాడు. ఉన్నదే సరిగ్గా వెలగనప్పుడు ఇంకోటి కొని ఏం చేయను? సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి, పిల్లలు రోజూ వంటింట్లోకి వచ్చి మరీ అడుగుతున్నారు. ఎవరైనా దారి చెప్పండి.

ఛానెల్36
ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశారా మేడమ్? ఇంకోటి, 5 గిగాహెర్ట్జ్‌లో చానెల్ ఆటోలో ఉంటే అది 52 నుంచి 64 దాకా గానీ, 100 నుంచి 144 దాకా గానీ ఎక్కడైనా కూర్చోవచ్చు. అవి రాడార్‌తో పంచుకునే చానెళ్లు. రాడార్ జాడ తగిలితే వెంటనే ఖాళీ చేసి వేరే చానెల్‌కి వెళ్లిపోవాలి, కొత్తది కూడా అలాంటిదే అయితే నిమిషం పాటు విని గానీ మొదలుపెట్టకూడదు. ఆ నిమిషం వైఫై పోయినట్టే ఉంటుంది. 36కి గానీ 149కి గానీ ఫిక్స్ చేసి చూడండి.

రాగితీగ
ఛానెల్36 చెప్పింది నిజమే, కానీ రాడార్ వల్ల అయితే 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే పోతుంది, 2.4 ఉంటుంది. పైగా డబ్బా లైటే ఆరిపోతోందని ఆవిడ చెప్తున్నారు. కొనుగోళ్లు, సెట్టింగులు అన్నీ కాసేపు పక్కన పెట్టండి.

కాజా గారూ, మొదట ఒక్కటి చూడండి. యాక్సెస్ పాయింట్ యాప్‌లో గానీ, దాని పేజీలో గానీ "అప్‌టైమ్" అని ఉంటుంది, అంటే ఆన్ అయి ఎంతసేపయింది అని. సాయంత్రం ఆరిపోయి వెలిగాక అది మళ్లీ సున్నా నుంచి మొదలైతే గొడవ కరెంటుది. అప్‌టైమ్ రోజుల తరబడి అలాగే పెరుగుతూ ఉండి, వైఫై మాత్రమే పోతుంటే గొడవ రేడియోది లేదా ఫైబర్‌ది. ఈ రెండు దారులూ వేరు. ఇది తేలకుండా ఏం మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

అలాగే మూడు లేబుళ్లు చదివి ఇక్కడ రాయండి: యాక్సెస్ పాయింట్ వెనక, స్విచ్ కింద, స్విచ్ అడాప్టర్ మీద. అట్టపెట్టె మీద రాసింది వద్దు, అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్నదే కావాలి.

డాలస్‌దోసకాయ
మా ఇంట్లో హాల్లో ఒకటి పెడితే మేడ మీద గదులన్నిటికీ వస్తుంది. చెక్క ఫ్రేము, జిప్సమ్ బోర్డు గోడలు కదా. అదే రౌటర్ మా నాన్నగారి ఇంటికి నెల్లూరు పంపిస్తే పక్క గది కూడా దాటలేదు 😄

రాగితీగ
స్లాబులో ఇనుప చువ్వల వల, మీద ఇటుక గోడ, దాని మీద గ్రానైట్. మన ఇళ్లలో అంతస్తుకొకటి పెట్టుకోవడమే ఉత్తమం. అందుకే కేబుల్ లాగక తప్పదు, అందుకే ఈ పీఓఈ గొడవలు.

కాకినాడకాజా
చూశానండి. సాయంత్రం ఏడింటికి అప్‌టైమ్ కొన్ని నిమిషాలే చూపించింది. పొద్దున గంటల్లో ఉంది. అంటే కరెంటేనా?

లేబుళ్లు: యాక్సెస్ పాయింట్ వెనక "802.3ఏటీ, గరిష్ఠం 18 వాట్లు". స్విచ్ మీద "8 పోర్టులు, పోర్టుకి 30 వాట్ల వరకు". అడాప్టర్ మీద "52 వోల్టులు, 1.25 ఆంపియర్లు". కేబుల్ పొడవు దాదాపు 40 మీటర్లు, కెమెరాలకి వేయగా మిగిలిన చుట్టలోంచే లాగారు.

ఛానెల్36
కెమెరాల కేబుల్ అంటే అల్యూమినియం అయ్యుంటుంది. దొరికేసింది దొంగ!

రాగితీగ
తొందరపడకు తమ్ముడూ, లెక్క వేద్దాం.

ముందు కేబుల్ ఏదో తెలుసుకోవాలి. మిగిలిన ముక్క ఉంటే లోపలి తీగ ఒకటి తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే అసలు రాగి. పైపూత పోయి తెల్లగా మెరిస్తే రాగి పూసిన అల్యూమినియం, మార్కెట్లో సీసీఏ అంటారు. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది.

మంచి క్యాట్5ఈ (మామూలు నెట్ కేబుల్ రకం) రాగి తీగ 100 మీటర్లకి సుమారు 9 ఓమ్‌లు. పీఓఈలో వెళ్లడానికి ఒక జత, రావడానికి ఒక జత. జతలో రెండు తీగలూ కలిసి మోస్తాయి కాబట్టి రానుపోను కలిపినా 100 మీటర్లకి అదే 9 చిల్లర. 40 మీటర్లకి నాలుగు లోపు. సీసీఏ అనుకుని 6 వేసుకుందాం. 52 వోల్టుల దగ్గర 18 వాట్లు లాగితే వెళ్లే కరెంటు 0.36 ఆంపియర్. కేబుల్లో పోయేది రెండు వోల్టుల పైచిలుకు. అవతల దాదాపు 50 వోల్టులు అందుతాయి. 802.3ఏటీ (పీఓఈకి ఉన్న ప్రమాణాల్లో ఒకటి) పరికరం వోల్టేజీ 42.5కి పడిపోయినా పనిచేయాలి. కాబట్టి కేబుల్ గొప్పది కాకపోయినా, ఇక్కడ దొంగ అది కాదు.

అదే పాతకాలపు 24 వోల్టుల పద్ధతి అయితే కథ వేరు. అదే కేబుల్, అదే 18 వాట్లు. కరెంటు ఏకంగా 1 ఆంపియర్, కేబుల్లోనే 6 వోల్టులు పోయి అవతల 18 మిగులుతాయి. 6 వాట్లు ఊరికే తీగ వేడెక్కడానికే పోతాయి. పీఓఈని 48 వోల్టుల చుట్టూ పెట్టింది ఇందుకే.

నాకు అడాప్టర్ మీద అనుమానంగా ఉంది. 52 ఇంటు 1.25 అంటే 65 వాట్లు. పోర్టుకి 30 చొప్పున 8 పోర్టులకి 240 కావాలి. స్విచ్ మీద ఆ 30 అబద్ధం కాదు, కానీ అన్ని పోర్టులకీ ఒకేసారి అని ఎక్కడా రాయలేదు. ఆ స్విచ్‌లో ఇంకా ఏమేం ఉన్నాయి?

కాకినాడకాజా
ఆరు కెమెరాలు. గేటు, వెనక గేటు, మెట్లు, పార్కింగ్, వంటగది బయట, డాబా. గీకి చూశాను, తెల్లగానే ఉందండి. షాపులో మాత్రం ప్యూర్ కాపర్ అని బిల్లు వేశారు.

కెమెరాబాబాయ్
అమ్మా, నేను విజయవాడలో సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. ఆరు కెమెరాలు అని మీరన్నాక విషయం తేలిపోయింది. పిల్లలు రూములకి రావడం, నెట్ వాడటం, ఇవేవీ కావు.

కెమెరా లెన్సు చుట్టూ చిన్న చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి చూడండి. చీకటి పడగానే అవి వెలుగుతాయి. ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి కంటికి కనపడవు, మహా అయితే మందంగా ఎర్ర చుక్కల్లా ఉంటాయి. ఫోన్ కెమెరాలోంచి చూస్తే చాలావాటికి ఊదారంగులో తెలుస్తాయి. పగలు ఒక్కో కెమెరా 4 వాట్లు లాగితే, ఆ లైట్లు పడ్డాక 7, 8 దాకా పోతుంది. ఆరు కెమెరాలు కలిపి పగలు 24, రాత్రి 48. దాని మీద మీ వైఫై డబ్బా 18. స్విచ్ సొంత ఖర్చు మూడు నాలుగు. మొత్తం 70. మీ అడాప్టర్ ఇచ్చేది 65.

పొద్దుగూకగానే మొదలై, తెల్లారగానే తగ్గిపోయే జబ్బు ఎక్కడ కనపడినా నేను ముందు కెమెరా లైట్లనే చూస్తాను. ఒక ప్రశ్న: వాన మబ్బు కమ్మిన రోజు ఎలా ఉంది?

కాకినాడకాజా
బాబాయ్ గారూ! మొన్న ముసురు పట్టినప్పుడు మధ్యాహ్నం నాలుగింటికే మొదలైంది. అప్పటికి పిల్లలు కాలేజీ నుంచి రానేలేదు. వర్షానికి కేబుల్లో నీళ్లు దిగాయేమో అనుకున్నాను.

కెమెరాబాబాయ్
అదే మరి. రేపు మిట్టమధ్యాహ్నం ఒక పని చేయండి. ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) సెట్టింగుల్లో "డే/నైట్" అని ఉంటుంది. ఒక్కో కెమెరానీ ఆటో నుంచి నైట్‌కి మార్చుతూ వెళ్లండి, వైఫై డబ్బా లైటు దగ్గర ఒకరిని నిలబెట్టండి. సెట్టింగ్ దొరక్కపోతే కెమెరా మూతికి నల్లగుడ్డ కప్పినా చాలు.

రాగితీగ
బాబాయ్‌కి దండం. దీనికి ఇంకో పరీక్ష కూడా కలపండి. ఇలాంటి స్విచ్‌లు చాలావాటిలో 1వ పోర్టుకి ప్రాధాన్యం ఎక్కువ, చివరి పోర్టుకి తక్కువ. వాట్లు చాలకపోతే చివరిదాని పీక నొక్కేస్తాయి. మీ యాక్సెస్ పాయింట్ చివరి పోర్టులో ఉంది. దాన్ని 1లోకి మార్చి, 1లో ఉన్న కెమెరాని చివరికి మార్చి రాత్రి చూడండి. యాక్సెస్ పాయింట్ నిలబడి ఆ కెమెరా ఆరిపోతే ఇక వాదన అక్కర్లేదు.

పాలమూరుపిల్లోడు
అన్నా, మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాది కూడా కెమెరా స్విచ్చే, యాక్సెస్ పాయింట్ అసలు ఆరిపోదు, కానీ స్పీడు 8, 9 దాటదు. ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఫైబర్ బాక్స్ పక్కన నిలబడితే 200 వస్తుంది. కేబుల్ మార్చినా అంతే.

కెమెరాబాబాయ్
స్విచ్ ముందు చిన్న జరుపుడు మీట ఉందా నాయనా? "ఎక్స్‌టెండ్" అనో, "సీసీటీవీ" అనో, "250 మీ" అనో రాసి ఉంటుంది. అది నొక్కి ఉంటే పోర్టులు 10 ఎంబీపీఎస్‌కి దిగిపోతాయి. దూరపు కెమెరాకి 100 మీటర్లు దాటి కేబుల్ లాగడానికి పెట్టిన ఏర్పాటు అది. కెమెరా ఒక్కదానికి 10 సరిపోతుంది, వైఫైకి చచ్చినా చాలదు. మామూలుకి జరిపి, స్విచ్‌ని ఒకసారి ఆపి వేయి.

పాలమూరుపిల్లోడు
బాబాయ్ 🙏🙏 మీట జరిపిన, 92 వస్తుంది! 200 ఎందుకు రాదు మరి?

రాగితీగ
92, 94 దగ్గర ఆగిందంటే లింకు 100 ఎంబీపీఎస్‌లో కుదిరిందని అర్థం. మీ స్విచ్ పోర్టులే 100వి అయ్యుండొచ్చు, కెమెరా స్విచ్‌లు చాలావరకు అంతే. లేదా కేబుల్లో ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కి (అంటే 1000 ఎంబీపీఎస్‌కి) ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. స్విచ్ మోడల్ చూసుకోండి.

కాకినాడకాజా
పరీక్ష చేశాను. మధ్యాహ్నం పన్నెండింటికి, మా చెల్లెల్ని వరండాలో నిలబెట్టి. ఐదో కెమెరా నైట్‌కి మార్చేదాకా ఏమీ కాలేదు. ఆరోది మార్చగానే "అక్కా, పోయింది" అని పైనుంచి కేక. మళ్లీ డేకి మారిస్తే వచ్చింది. నాకైతే నవ్వాగలేదు.

పోర్టు కూడా మార్చాను. రాత్రంతా వైఫై నిలబడింది, వెనక గేటు కెమెరా ఆరిపోయింది. ఆడపిల్లల హాస్టల్, వెనక గేటు కెమెరా లేకపోతే నిద్రపట్టదు, కాబట్టి పాత చోటికే మార్చేశాను. ఇప్పుడు పెద్ద అడాప్టర్ కొంటే సరిపోతుందా?

రాగితీగ
వద్దండి. అడాప్టర్ పెద్దదైనా స్విచ్ లోపలి బోర్డు ఎంత తట్టుకుంటుందో దాన్ని తయారుచేసేటప్పుడే నిర్ణయించి ఉంటారు. 65 వాట్ల బోర్డుకి 120 వాట్ల అడాప్టర్ పెడితే చిప్పు తన పాత లెక్క ప్రకారమే పోర్టు ఆపొచ్చు, లేదా అసలు ఆపకుండా వేడెక్కొచ్చు.

యాక్సెస్ పాయింట్‌ని ఆ స్విచ్ నుంచి విడదీయండి. ఒక్కదానికే పీఓఈ ఇంజెక్టర్ దొరుకుతుంది, అంటే నెట్ కేబుల్లోకి కరెంటు కలిపి పంపే చిన్న పెట్టె. కొనేటప్పుడు మూడు చూడాలి. "802.3ఏటీ" అని ఉండాలి. 2003 నాటి 802.3ఏఎఫ్ అయితే పోర్టు దగ్గర 15.4 వాట్లు, పరికరానికి చేరేది 12.95. మీకు 18 కావాలి. 2009లో వచ్చిన ఏటీ అయితే పోర్టు దగ్గర 30, పరికరానికి 25.5. 2018లో బీటీ అని ఇంకా పెద్దది వచ్చింది, మీకు అవసరం లేదు. రెండోది, గిగాబిట్ అని ఉండాలి. మూడోది, "ప్యాసివ్" అన్న మాట ఉండకూడదు.

ఈ మూడోది కొంచెం వివరంగా చెప్తాను. అసలైన పీఓఈ ముందు చిన్న వోల్టేజీ పంపి అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉందో లేదో తడిమి చూస్తుంది. ఉంటేనే పూర్తి కరెంటు ఇస్తుంది. అందుకే పొరపాటున ల్యాప్‌టాప్ గుచ్చినా ఏమీ కాదు. ప్యాసివ్‌కి ఆ అడగడాలు లేవు, గుచ్చిన క్షణం నుంచి కరెంటు తోసేస్తుంది. అవతల ఉన్నది దానికి తగింది కాకపోతే పోర్టు మాడిపోతుంది. ధర తక్కువని తీసుకోకండి.

ఛానెల్36
అది కొనేలోపు సెట్టింగుల్లో ట్రాన్స్‌మిట్ పవర్ "హై" నుంచి "మీడియం"కి దించండి మేడమ్. వరండాలోనే కదా, సిగ్నల్‌కి పెద్ద తేడా రాదు, వాట్లు కాస్త తగ్గుతాయి.

కాకినాడకాజా
మీడియంకి దించితే ఆరిపోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంజెక్టర్ కొన్నాను, మీరు చెప్పిన మూడూ దాని మీద ఉన్నాయి. ఫైబర్ బాక్స్ నుంచి ఇంజెక్టర్‌కి, ఇంజెక్టర్ నుంచి పైకి వెళ్లే కేబుల్‌కి కలిపాను. యాక్సెస్ పాయింట్ అసలు వెలగడం లేదు! లైటే రాదు. అదే కేబుల్ తీసి పాత స్విచ్‌లో గుచ్చితే వెలుగుతోంది. షాపు ఆయన "మా దగ్గర టెస్ట్ చేసి ఇచ్చాం, వాపసు లేదు" అంటున్నాడు. టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

కెమెరాబాబాయ్
ఇంజెక్టర్‌ని తిట్టకండమ్మా, బాగానే ఉండి ఉంటుంది. కేబుల్ చివర జాక్ ఉంది కదా, పారదర్శకంగా ఉంటుంది, వెలుతురులో పెట్టి చూడండి. లోపలికి ఎన్ని తీగలు వెళ్లాయి?

కాకినాడకాజా
నాలుగే! తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి వదిలి ఇంకొకటి వదిలి గ్రీన్. బ్లూ, బ్రౌన్ జతలు జాక్ బయటే వెనక్కి మడిచి కేబుల్‌కి చుట్టేశారు. టేపు వేసి ఉంది, అందుకే ఇన్నాళ్లూ కనపడలేదు.

కెమెరాబాబాయ్
మావాళ్ల పనే. కెమెరాకి నాలుగు తీగలు చాలు కదా అని చాలామంది నాలుగే క్రింప్ చేస్తారు, అంటే జాక్‌లో పెట్టి నొక్కి బిగిస్తారు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లతో ఈ విషయంలో రోజూ గొడవే.

రాగితీగ
ఇప్పుడు మొత్తం అతుకుతోంది. పీఓఈ కరెంటు రెండు దారుల్లో వెళ్లొచ్చు. 1, 2, 3, 6 పిన్నుల మీద వెళ్తే మోడ్ ఏ. 4, 5, 7, 8 మీద వెళ్తే మోడ్ బీ. చాలా స్విచ్‌లు మోడ్ ఏ వాడతాయి, మీ దగ్గర ఉన్న ఆ నాలుగు తీగలే అవి, అందుకే స్విచ్‌తో వెలిగింది. చాలా ఇంజెక్టర్లు మోడ్ బీ వాడతాయి. ఆ నాలుగు తీగలు మీ కేబుల్లో బయట వేలాడుతున్నాయి. ఇంజెక్టర్ తడిమి చూస్తే అవతల ఎవరూ లేరు, కరెంటు ఇవ్వలేదు. అది చేయాల్సిన పని అదే చేసింది.

రెండు చివరలా కొత్త జాక్‌లు వేయించండి, ఎనిమిదీ లోపలికి వెళ్లాలి. వరస: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు వైపులా ఇదే వరస. క్రింప్ చేశాక కేబుల్ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేదాకా ఆ అబ్బాయిని కదలనివ్వకండి. మధ్యలో ఎక్కడైనా తీగలు మెలిపెట్టి అతుకు వేశారేమో కూడా అడగండి, అలాంటి అతుకు ఉంటే ఆ ముక్క మార్చాల్సిందే. వీలైనప్పుడు మొత్తం కేబుల్నే అసలు రాగిది వేయించుకోండి, అల్యూమినియం తీగ జాక్ దగ్గర విరిగే అవకాశం ఎక్కువ.

డాలస్‌దోసకాయ
నాన్నగారి ఇంట్లో కేబుల్‌కి కూడా ఆ టేపు చుట్ట ఉంది. ఈరోజే వీడియో కాల్‌లో విప్పించి చూస్తాను.

కాకినాడకాజా
ఎనిమిదీ వేయించాను. ఇంజెక్టర్ పెట్టగానే వెలిగింది. రాత్రి ఆరు కెమెరాలూ ఉన్నాయి, వైఫైకీ కదలిక లేదు, పవర్ మళ్లీ హైకి పెట్టాను. ఇంకో విచిత్రం, ఇదివరకు వరండాలో స్పీడు 90 దాటేది కాదు, ఇప్పుడు 280 చూపిస్తోంది. మా ప్లాన్ 300. ఇన్నాళ్లూ కట్టిన డబ్బులో మూడో వంతే వాడుకున్నామన్నమాట.

చివరి ప్రశ్న. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది, కానీ ఇంజెక్టర్ పెట్టిన ప్లగ్ మామూలు లైను. దాన్ని ఇన్వర్టర్ మీద వేస్తే బ్యాటరీ త్వరగా అయిపోతుందా?

రాగితీగ
ఇంజెక్టర్, ఫైబర్ బాక్స్ కలిపి 30 వాట్ల లెక్క, ఒక పాత రకం సీలింగ్ ఫ్యాన్ అంత కూడా కాదు. నిశ్చింతగా వేయండి. రెండూ ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి, ఒకటి ఉండి ఒకటి లేకపోతే ప్రయోజనం లేదు. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో ఫైబర్ బాక్స్ రీస్టార్ట్ అవుతుంటే దానికి మాత్రం 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. కొనే ముందు ఫైబర్ బాక్స్ అడాప్టర్ మీద 12 వోల్టులే అని ఉందో లేదో చూసుకోండి.

కెమెరాబాబాయ్
కెమెరా స్విచ్చూ ఎన్‌వీఆరూ కూడా ఇన్వర్టర్ మీదే ఉన్నాయా అమ్మా? కరెంటు పోయిన రాత్రే కదా కెమెరా అసలు కావాల్సింది. వాటితో కలిపితే 100 వాట్లు దాటుతుంది, బ్యాటరీ పాతదైతే ముందు నీళ్లు చూసుకోండి.

పాలమూరుపిల్లోడు
నా స్విచ్ పోర్టులు 100వే అన్నా, కింద రాసి ఉంది. గిగాబిట్‌ది తీసుకుంటా. కేబుల్ జాక్ చూసిన, మనోడు ఎనిమిదీ వేసిండు.